లూప్ కంటే ముందు రింగు: డాక్టర్ ఎర్న్‌స్ట్ గ్రేఫెన్‌బెర్గ్ వృత్తిజీవితం మీద చర్చ

అక్షరసేద్యం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. గ్రామ స్థాయి ఆరోగ్య కార్యకర్తల కోసం గర్భనిరోధక పద్ధతుల చరిత్ర మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. కాపర్-టి అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి డాక్టర్ ఎర్న్‌స్ట్ గ్రేఫెన్‌బెర్గ్ అనే జర్మన్ వైద్యుడి దగ్గర ఆగిపోయాను. ఈయన 1881 సెప్టెంబరు 26న గోటింగెన్ సమీపంలోని అడెలెబ్సెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, గోటింగెన్, మ్యూనిక్ నగరాల్లో వైద్యం చదివి, 1905లో పట్టా పుచ్చుకున్నారు. మొదట వుర్జ్‌బర్గ్‌లో కంటి వైద్యంలో చేరినా, త్వరలోనే దాన్ని విడిచి కీల్ నగరంలో ప్రసూతి, స్త్రీ వైద్య విభాగానికి మారారు. 1910 నుంచి బెర్లిన్‌లో వైద్యం చేశారు.

నా పుస్తకంలో ఆయన గురించి ఒక్క వాక్యమే పడుతుంది. "లూప్‌ను కనిపెట్టిన జర్మన్ వైద్యుడు" అని రాశాను. రాసిన తరువాత మనసు ఒప్పుకోవడం లేదు. అంతర్జాలంలో ఈయన పేరు వెతికితే స్త్రీ శరీరంలోని ఒక "స్పాట్" గురించిన కబుర్లే పుట్టల కొద్దీ వస్తున్నాయి తప్ప, ఆయన పాతికేళ్లకు పైగా చేసిన పని గురించి రెండు ముక్కలు సరిగ్గా చెప్పేవారు కనిపించలేదు. తెలిసినవారు సరిదిద్దితే కృతజ్ఞుణ్ణి.

పల్లెవైద్యం

అక్షరసేద్యం గారికి, నేను ముప్పై ఏళ్లు స్త్రీల వైద్యురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. "కనిపెట్టిన" అనే మాట నిలవదు. 1909లోనే వాల్డెన్‌బర్గ్ పట్టణానికి చెందిన రిచర్డ్ రిక్టర్ అనే వైద్యుడు పట్టుపురుగు గ్రంథి నుంచి సాగదీసి తీసే గట్టి నారతో ఉంగరంలాంటిది చేసి గర్భాశయంలో అమర్చిన సంగతి ప్రకటించారు. శస్త్రచికిత్సలో కుట్లు వేయడానికి ఆ రోజుల్లో వాడిన నార అదే. 1923లో కార్ల్ పుస్ట్ అనే మరొక జర్మన్ వైద్యుడు అలాంటి ఉంగరానికి దారం కట్టి, ఆ దారాన్ని గర్భాశయ ముఖద్వారం మీద కూర్చునే గాజు బొత్తానికి కలిపారు.

గ్రేఫెన్‌బెర్గ్ చేసిన పని ఏమిటో అర్థం కావాలంటే ఆ గాజు బొత్తాన్ని గుర్తుపెట్టుకోవాలి. అప్పటివరకు వాడిన సాధనాలలో చాలావాటికి ఒక కొస గర్భాశయంలో, మరొక కొస యోనిలో ఉండేది. కింద ఉండే సూక్ష్మక్రిములు, ముఖ్యంగా గనేరియా క్రిములు, ఆ కాడను నిచ్చెనగా చేసుకొని పైకి పాకేవి. యాంటీబయాటిక్ మందులు లేని కాలంలో గర్భాశయానికీ, ఫలోపియన్ నాళాలకూ చీము పట్టిందంటే అది ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉండేది. గ్రేఫెన్‌బెర్గ్ కాడనూ, బొత్తాన్నీ, దారాన్నీ పూర్తిగా తీసేసి, ఉంగరం మొత్తం గర్భాశయం లోపలే ఇమిడిపోయేటట్లు చేశారు. గనేరియా ఉన్నవారికీ, కటిభాగంలో వాపు ఉన్నవారికీ అది వేయరాదని కూడా ఆయన నిబంధన పెట్టుకున్నారు. సాధనం కంటే ఆ నిబంధనే గొప్పదని నేను అంటాను.

రెండవ విషయం, ఆయన లెక్కలు రాసి పెట్టుకున్నారు. 1929లో లండన్‌లో ప్రపంచ లైంగిక సంస్కరణ సంఘం మూడవ మహాసభలోనూ, 1930 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో జరిగిన ఏడవ అంతర్జాతీయ జనన నియంత్రణ సభలోనూ ఆ లెక్కలను వైద్యుల ముందు పెట్టారు. పట్టునార ఉంగరం వేయించుకున్న 1,100 మంది స్త్రీలలో గర్భం వచ్చినవారు 3 శాతం. వెండి తీగ చుట్టిన మెరుగైన ఉంగరం వాడిన 600 మందిలో 1.6 శాతం. ఆ రోజులకు అది చిన్న సంఖ్య కాదు.

ప్రశ్నార్థకం

పల్లెవైద్యం గారి వివరణ బాగుంది కాని, ఆ అంకెలను అంత తేలికగా మింగడానికి నాకు గొంతు దిగడం లేదు. ఉంగరం వేసినదీ ఆయనే, లెక్క రాసినదీ ఆయనే, ఫలితం బాగుందని తీర్పు చెప్పినదీ ఆయనే. వేయించుకొని తిరిగి రాని స్త్రీల సంగతేమిటి? గర్భం వచ్చిన మనిషి ఆయన మీద నమ్మకం పోయి మరొక వైద్యుడి దగ్గరకు వెళ్లి ఉండవచ్చు కదా? ఎంతకాలం వాడితే మూడు శాతమో చెప్పకుండా శాతం చెప్పడం నెలలు చెప్పకుండా వడ్డీ చెప్పినట్లు ఉంటుంది.

మరొక మాట. ఆ వెండి తీగలో 26 శాతం రాగి కలిసి ఉందనీ, ఆ సంగతి ఆయనకు తెలియదనీ తరువాతి పరిశీలకులు రాశారు. అంటే 3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిన ఘనత ఆయనది కాకపోవచ్చు, వెండిలోని కల్తీది అయి ఉండవచ్చు!

పల్లెవైద్యం

మీ మొదటి అభ్యంతరం న్యాయమైనదే. వాడిన నెలల ప్రకారం వైఫల్యాన్ని లెక్కగట్టే పద్ధతి ఈ సాధనాలకు స్థిరపడింది 1960లలో, అమెరికాలో స్థిరపడిన ఆస్ట్రియా వైద్యుడు క్రిస్టఫర్ టీట్జే చేతుల మీదుగా. 1930లో ఆ కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. అంకెలను నేటి పరీక్షకు నిలబెట్టలేము అన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను.

రాగి విషయంలో మాత్రం మీ హాస్యం నిజానికి దగ్గరగానే ఉంది. చిలీ దేశపు వైద్యుడు హైమే జిప్పర్ కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి, గర్భాశయంలో ఉంచిన రాగి గర్భాన్ని నివారిస్తుందని 1969లో చూపించారు. అమెరికాలో హొవార్డ్ టేటమ్ గర్భాశయం ఆకారానికి సరిపోయేలా "టి" అక్షరం రూపంలో ప్లాస్టిక్ సాధనం తయారుచేశారు. ఈ రెండూ కలిసినదే కాపర్-టి. రాగి అయాన్లు వీర్యకణాలను నిర్వీర్యం చేస్తాయని ఇప్పుడు పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. గ్రేఫెన్‌బెర్గ్ చేతిలో ఆ జవాబు దాదాపు నలభై ఏళ్ల ముందే ఉంది. ప్రశ్న ఏమిటో తెలియకపోవడం వల్ల అది జవాబని ఆయన గుర్తించలేదు.

బెర్లిన్ గోదావరి

నమస్కారం. నాది రాజమహేంద్రవరం. పదకొండేళ్లుగా బెర్లిన్‌లోని నోయ్‌కోల్న్ ప్రాంతంలో ఉంటున్నాను. నేను వైద్యుణ్ణి కాను, ఊరి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాణ్ణి. గ్రేఫెన్‌బెర్గ్ పనిచేసిన చోటు మా ఇంటికి దక్షిణంగా ఉన్న బ్రిట్స్ పేట. ఆయనకు రెండు బెర్లిన్‌లు ఉండేవి. ఒకటి కుర్‌ఫుర్‌స్టెన్‌డామ్, అంటే ధనవంతుల బజారు. అక్కడ ఆయన సొంత వైద్యశాల నడిచేది, పెద్దింటి స్త్రీలు వచ్చేవారు. రెండవది బ్రిట్స్. అక్కడి పురపాలక ఆసుపత్రిలో స్త్రీ వైద్య విభాగానికి ఆయన అధిపతి. అది కార్మికులు ఉండే చోటు. 1925 నుంచి అక్కడ బ్రూనో టౌట్ అనే వాస్తుశిల్పి కార్మికులకూ, చిరుద్యోగులకూ గుర్రపు నాడా ఆకారంలో ఇళ్ల వరుస కట్టించారు. మధ్యలో చెరువు, దాని చుట్టూ వంపు తిరిగిన ఇళ్లు. ఇప్పటికీ ఆదివారాలు నేను అక్కడ నడుస్తాను. ఆ ఇళ్లు దొరకనివారు మాత్రం వెలుతురు పడని వెనుక లోగిళ్లలో, ఒక్కొక్క గదిలో అయిదారుగురు చొప్పున బతికారు.

ఆ రోజుల్లో గర్భస్రావం జర్మన్ శిక్షాస్మృతి 218వ సెక్షన్ కింద నేరం. గర్భనిరోధక సాధనాలను బాహాటంగా ప్రచారం చేయడానికి కూడా చట్టం అడ్డు వచ్చేది. 1931 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్‌లో ఫ్రీడ్రిక్ వోల్ఫ్, ఎల్సే కీన్లే అనే ఇద్దరు వైద్యులను ఈ 218 కింద అరెస్టు చేస్తే దేశమంతటా ఊరేగింపులు జరిగాయి. అంటే బ్రిట్స్ ఆసుపత్రిలో ఒక వైద్యుడు "గర్భం రాకముందే ఆపుదాం" అని ఉంగరం చేతికెత్తుకోవడం ఒట్టి ప్రయోగశాల ముచ్చట కాదు. దొంగచాటు గర్భస్రావాలతో చచ్చి బతికి ఆసుపత్రికి చేరినవారిని చూసిన వైద్యుల తరం అది.

మనవారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి చెబుతాను. 1928 ప్రాంతంలో ఇదే నోయ్‌కోల్న్‌లో ఒక జనన నియంత్రణ కేంద్రం తెరవడానికి అమెరికా జనన నియంత్రణ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ సాంగర్ డబ్బు సమకూర్చితే, దగ్గరుండి నడుం బిగించినవారిలో అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ ఒకరు. ఈ స్మెడ్లీ బెర్లిన్‌లో కొన్నేళ్లు సహజీవనం చేసినది వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయతో. ఆయన హైదరాబాదులో పుట్టినవాడు, సరోజినీ నాయుడు గారి తమ్ముడు.

ప్రశ్నార్థకం

గోదావరి గారూ, చట్టోపాధ్యాయ ప్రస్తావన ఆసక్తికరమే కాని, స్మెడ్లీ కేంద్రానికీ గ్రేఫెన్‌బెర్గ్ ఉంగరానికీ సంబంధం ఉన్నట్లు చదువరులు పొరబడే ప్రమాదం ఉంది. ఒకే పేటలో ఉన్నంత మాత్రాన ఒకే ఇంటివారు కారు.

బెర్లిన్ గోదావరి

అంగీకరిస్తున్నాను. ఇరుగుపొరుగు అన్నంతవరకే నా మాట.

పాత ఏఎన్ఎం

అందరికీ నమస్కారాలు. మా అమ్మాయి ఈ చర్చ చూపించి "నీ సంగతే మాట్లాడుకుంటున్నారు" అంటే రాస్తున్నాను. నేను 1978లో ఏఎన్ఎంగా చేరాను. చేరిన కొత్తలో మా చేతికి ఇచ్చింది లిప్పీస్ లూప్. తెల్లటి ప్లాస్టిక్‌తో పాము మెలికలు తిరిగినట్లు ఉండేది. మరిగిస్తే వంకర పోతుంది కనుక అయోడిన్ కలిపిన నీళ్లలో నానబెట్టి, సన్నటి గొట్టంలోకి లాగి, తిన్నగా సాగిన దాన్ని లోపల వదిలితే మళ్లీ మెలికలు తిరిగి కూర్చునేది. దాని కొసన నైలాను దారం. "నెలసరి అయ్యాక వేలు పెట్టి దారం చూసుకో అమ్మా, దారం తగిలితే భయం లేదు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని.

పల్లెవైద్యం గారు పాత ఉంగరానికి దారమే లేదంటున్నారు. అలాగైతే అది ఉందో జారిపోయిందో ఆ జర్మనీ ఆడవాళ్లకు ఎలా తెలిసేది? తీయాల్సి వస్తే ఎలా తీసేవారు? దారం కనబడకుండా పోయిన మనిషి ఒకామె నాలుగు మైళ్లు నడిచి మా సబ్‌సెంటరుకు వచ్చి, "అది పైకి పాకి గుండెలోకి పోయిందట, మా అత్త చెప్పింది" అని వణికిపోతూ బల్ల మీద కూర్చున్న రూపం నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. ఏమీ కాలేదు. దారం ముడుచుకొని పైకి పోయిందంతే. కాని ఆ ఒక్క మనిషి భయం చూసి మా ఊళ్లో మరి ఎనిమిది నెలలు ఒక్కరూ లూప్ వేయించుకోలేదు.

పల్లెవైద్యం

అమ్మా, మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే విలువైనది. గ్రేఫెన్‌బెర్గ్ ఉంగరం ఉందో లేదో స్త్రీ తనంతట తాను తెలుసుకునే మార్గం లేదు. వైద్యుడు సన్నటి లోహపు పుల్లతో తడిమి చూడాలి, లేదా లోహం కనుక ఎక్స్‌రేలో చూడాలి. తీయడానికి కొక్కెం లోపలికి పోనివ్వాలి. పైగా ఉంగరం వేయాలన్నా గర్భాశయ ముఖద్వారాన్ని కడ్డీలతో కొంచెం కొంచెంగా వెడల్పు చేయాలి. నొప్పి మాటకు వస్తే అది చిన్న వ్యవహారం కాదు. కనుక నిపుణుడైన వైద్యుడు ఉన్న చోట తప్ప ఆ ఉంగరం నడవదు. చీము పట్టకుండా కాడ తీసేసిన ఆయన నిర్ణయమే, స్త్రీ చేతికి ఏ ఆనవాలూ లేకుండా చేసింది.

1960 ప్రాంతంలో న్యూయార్క్‌లో లాజర్ మార్గులీస్, బఫెలోలో జాక్ లిప్పీస్ ఈ చిక్కులను విప్పారు. సాగదీసినా వదలగానే తన ఆకారం గుర్తు తెచ్చుకొనే ప్లాస్టిక్ దొరికింది కనుక ముఖద్వారం వెడల్పు చేసే బాధ తప్పింది. లిప్పీస్ సన్నటి నైలాను దారం పెట్టారు. అప్పటికి యాంటీబయాటిక్స్ వచ్చాయి కనుక దారం అంటే మునుపటి భయం లేదు. మీ ఊరి ఆడవాళ్లు వేలితో చూసుకున్న ఆ దారం వెనుక ఇంత కథ ఉంది.

అక్షరసేద్యం

నా పుస్తకానికి కావలసినది ఇప్పుడు దొరుకుతోంది. ఒక సందేహం మిగిలింది. 1930లో అంతమంది వైద్యుల ముందు పెట్టిన పద్ధతి 1960 దాకా ఎందుకు కనుమరుగైంది? నాజీలే కారణమని చాలాచోట్ల చదివాను.

బెర్లిన్ గోదావరి

నాజీలు ఆయన వృత్తిని నాశనం చేశారన్నది నిజం. 1933లో వారు అధికారంలోకి రాగానే యూదుడైనందుకు బ్రిట్స్ ఆసుపత్రి పదవి పోయింది. 1934లో సహచరుడు హన్స్ లేఫెల్ట్ దేశం విడిచి పొమ్మని నచ్చజెప్పారు. ఈ లేఫెల్ట్ కూడా జనన నియంత్రణ కేంద్రాలు నడిపిన వైద్యుడే. గ్రేఫెన్‌బెర్గ్ వినలేదు. తన దగ్గర వైద్యం చేయించుకునేవారిలో పెద్ద నాజీ అధికారుల భార్యలు ఉన్నారు కనుక తన జోలికి రారని ధైర్యం. 1937లో విలువైన తపాలా బిళ్లను దేశం దాటించారనే అభియోగం మీద ఆయనను పట్టుకొని జైల్లో వేశారు. విడిపించడానికి సాంగర్, ఆమె మిత్రులు పాటుపడ్డారు. 1940లో బయటపడి అమెరికా చేరి న్యూయార్క్‌లో మళ్లీ వైద్యం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు దాదాపు అరవై ఏళ్లు.

ఇదే కాలంలో మరొక జర్మన్ వైద్యుడి జాతకం ఎలా నడిచిందో పక్కన పెట్టి చూడండి. హన్స్ హార్మ్‌సెన్ ప్రొటెస్టంట్ సేవా సంస్థలో వంశశుద్ధి సిద్ధాంతాన్ని ముందుకు నడిపి, 1933 నాటి నిర్బంధ వంధ్యీకరణ చట్టానికి మద్దతు ఇచ్చినవాడు. ఆ చట్టం కింద దాదాపు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. యుద్ధం ముగిశాక 1952లో పశ్చిమ జర్మనీలో కుటుంబ నియంత్రణ కోసం "ప్రో ఫమీలియా" సంస్థ ఏర్పడితే, దాని మొదటి అధ్యక్షుడు ఈయనే. ఉంగరం వేసి స్త్రీకి వెసులుబాటు ఇచ్చిన మనిషి జైలుకూ పరాయి దేశానికీ పోతే, బలవంతపు కత్తిని సమర్థించిన మనిషి కుటుంబ నియంత్రణకు పెద్ద అయ్యాడు. ఆయన గతం బయటపడి గౌరవాధ్యక్ష పదవి వదులుకోవలసి వచ్చింది 1980లలో మాత్రమే.

పల్లెవైద్యం

గోదావరి గారి ఆవేశం అర్థం చేసుకోదగినదే. అయితే ఉంగరం కనుమరుగైన పాపం మొత్తం నాజీల ఖాతాలో వేస్తే మా వృత్తివారికి చాలా సులువుగా క్షమాపణ దొరుకుతుంది. జర్మనీ బయట నాజీలు లేరు కదా! అక్కడి ప్రసూతి పండితులు కూడా ఉంగరాన్ని ప్రమాదకరమని తోసిపుచ్చి, విద్యార్థులకు అలాగే నేర్పారు. వారు చూపిన చెడ్డ అనుభవాలలో చాలామట్టుకు కాడలూ బొత్తాలూ ఉన్న పాత సాధనాలవి. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. జపాన్‌లో టెన్రేయ్ ఓటా 1934లో బంగారం, బంగారు పూత పూసిన వెండి ఉంగరాలు తయారుచేస్తే అక్కడి ప్రభుత్వమూ వాటిని నిషేధించింది.

1959లో దారి మళ్లింది. విల్లీ ఓపెన్‌హైమర్ అనే వైద్యుడు జర్మనీ నుంచి వెళ్లి జెరూసలెంలో స్థిరపడి, గ్రేఫెన్‌బెర్గ్ ఉంగరాన్నే చడీచప్పుడు లేకుండా వాడుతూ వచ్చి, 28 ఏళ్ల అనుభవాన్ని అమెరికా ప్రసూతి వైద్య పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది జపాన్‌లో ఇషిహామా వేలాది మంది స్త్రీలలో ఓటా ఉంగరం ఫలితాలు బయటపెట్టారు. పండితులు చెప్పిన ఘోరాలు వారికి కనబడలేదు. గ్రేఫెన్‌బెర్గ్ అప్పటికి రెండేళ్ల ముందే, 1957 అక్టోబరు 28న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ప్రశ్నార్థకం

అందరూ మాట్లాడే ఆ "స్పాట్" సంగతి ఒకరూ ఎత్తడం లేదు. మర్యాదకా?

పల్లెవైద్యం

మర్యాదకు కాదు, అది ఆయన వృత్తిలో చిన్న భాగం కనుక. 1950లో స్త్రీ లైంగిక తృప్తిలో మూత్రనాళం పాత్ర మీద నాలుగు పేజీల వ్యాసం రాశారు. 1981లో అమెరికా పరిశోధకులు ఆ వ్యాసాన్ని ఆధారం చేసుకొని ఆయన పేరులోని మొదటి అక్షరాన్ని ఆ చోటుకు తగిలించారు. తన పేరు అలా వాడతారని ఆయనకు తెలియదు. ఆ వ్యాసం అచ్చయిన పత్రిక మాత్రం మన బొంబాయిది. డాక్టర్ ఎ.పి. పిళ్లై అక్కడి నుంచి నడిపిన అంతర్జాతీయ లైంగిక శాస్త్ర పత్రిక అది. బెర్లిన్ నుంచి వెళ్లగొట్టబడిన వైద్యుడి చివరి ముఖ్యమైన వ్యాసం ముందు మన దేశంలో అచ్చు చూసిందన్నమాట.

వేదిక నిర్వాహకులు

ఈ అంశం మీద ఇంతకు మించిన వివరాలకు వేరే చర్చ ప్రారంభించవలసిందిగా మనవి. ఇక్కడ పుస్తకంలోని వాక్యం వరకే ఉందాం.

పాత ఏఎన్ఎం

వాక్యం రాసే ముందు ఇంకొక మాట. 1965లో దేశమంతా లూప్ మొదలుపెట్టినప్పుడు కేంద్రాల వారీగా లక్ష్యాలు పెట్టి వేశారని మా సీనియర్ సిస్టరు చెప్పేవారు. మొదటి రెండు మూడు నెలలు రక్తం ఎక్కువ పోవచ్చని ఎవరికీ చెప్పలేదట. పోగానే భయపడి తీయించేసుకున్నారు. ఆ తరువాత మా ప్రాంతంలో కు.ని. అంటే ఆపరేషనే. ఇద్దరు పిల్లలు పుట్టగానే, పాతికేళ్లు నిండకముందే చేయించేసుకున్నారు. జర్మనీ డాక్టరు గారు ఎవరికి వేయకూడదో ముందే రాసి పెట్టుకున్నారని విన్నాక, మాకు ఆ కాగితం ఒక్కటి ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

పల్లెవైద్యం

అమ్మ చెప్పినదానికి అంకె తోడు ఇస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో అదే ఎక్కువ. కాపర్-టి వాడేవారు లెక్కకు రానంత తక్కువ. ప్రపంచం మొత్తం మీద 2019లో ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం దాదాపు 15.9 కోట్ల మంది స్త్రీలు గర్భాశయంలో అమర్చే సాధనాలను వాడుతున్నారు.

అక్షరసేద్యం

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క వాక్యం అనుకున్నది మూడయింది. ఇలా మార్చాను: "పట్టునారతో, తరువాత వెండి తీగతో చేసిన లూప్‌ను పూర్తిగా గర్భాశయంలోనే ఇమిడేలా అమర్చి, ఎవరికి వేయరాదో నిబంధన పెట్టి, వందలాది స్త్రీలలో ఫలితాలను 1929, 1930 సంవత్సరాలలో వైద్యలోకం ముందు ఉంచినవారు బెర్లిన్ వైద్యుడు ఎర్న్‌స్ట్ గ్రేఫెన్‌బెర్గ్. 1933లో యూదుడైనందుకు ఆసుపత్రి పదవినీ, తరువాత స్వేచ్ఛనూ కోల్పోయారు. ఆయన పద్ధతి తిరిగి వైద్యంలోకి వచ్చింది ఆయన మరణించాకే." అభ్యంతరాలు ఉంటే చెప్పండి.

ప్రశ్నార్థకం

"వందలాది" కాదు, ఆయన లెక్క ప్రకారమే పదిహేడు వందల మంది. "ఆయన నమోదు చేసుకున్న ప్రకారం" అని ముందు చేర్చండి. అప్పుడు నాకు పేచీ లేదు.

పాత ఏఎన్ఎం

బాబూ, "లూప్" అన్న మాట తీసేయండి. లూప్ అంటే మెలికలు తిరిగినది, దారం ఉన్నది, లిప్పీస్ గారిది. ఈయనది రింగు. కార్యకర్తలు మీ పుస్తకం చదివి దారం కోసం వెతుకుతారు.

అక్షరసేద్యం

రెండూ దిద్దానమ్మా. అచ్చుకు పంపుతున్నాను.